చూసిన సినిమాకి ఎంత పడింది? డీవీడీ అద్దెల పోటీ నుంచి మన ఫోన్‌లో ఆటోపే దాకా

  ఈరోజు ఎపిసోడ్ కొంచెం వెనక్కి వెళ్లి మొదలెడదాం. మీలో చాలామంది డీవీడీ అనేదాన్ని చేత్తో పట్టుకుని కూడా ఉండరు. అయినా సరే చివరిదాకా చూడండి, ఎందుకంటే ఇది మీ ఫోన్‌లో ఈ నెల కట్ అయ్యే డబ్బుల గురించి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. ఇదివరకు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. నాన్న మూడెకరాలు మిర్చి, రెండెకరాలు పత్తి వేస్తారు. 2025 మార్చిలో నేను ఇంటికి వెళ్లినప్పుడు నాన్న ఫోన్ తీసుకొచ్చి చేతిలో పెట్టారు. "అమ్మాయ్, నెలనెలా దీంట్లో ఏందో డబ్బులు కట్ అవుతున్నయ్. ఎవరికి పోతన్నయ్ చూడు" అన్నారు.

చూశాను. నాలుగు సినిమా యాప్‌లు. అన్నీ కలిపి నెలకి దాదాపు ఆరు వందలు. వాటిని పెట్టింది ఎవరో కాదండీ, నేనే. రెండేళ్ల కింద "నాన్నా, నీకు ఖాళీ టైమ్‌లో సినిమాలు ఉంటాయి" అని నేనే పెట్టి ఇచ్చాను. వాటిలో రెండు యాప్‌లు ఆయన ఒక్కసారి కూడా తెరవలేదు.

ఆ సీజన్ గుర్తుందా? మిర్చి రేటు బాగా పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద మన మిర్చికి క్వింటాల్‌కి 11,781 రూపాయలు అని లెక్క కట్టింది. ఇప్పుడు మన లెక్క చూడండి. నెలకి ఆరు వందలంటే ఏడాదికి 7,200. ఆ రేటున అది 60 కేజీల పైన మిర్చి. టిక్కీ నలభై కేజీలు అనుకుంటే ఒకటిన్నర టిక్కీ. కూలీలతో కోయించి, కల్లంలో ఎండబెట్టి, తాలు ఏరించి, గుంటూరు యార్డుకి పంపిన కాయ. తెరవని యాప్‌కి పోయింది.

నాన్న కోప్పడలేదు. "వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?" అని మాత్రం అడిగారు. నాకు వెంటనే సమాధానం రాలేదు. అన్నీ మంచివే అనిపించింది. అప్పుడు నాకు 2008 గుర్తొచ్చింది. ఇదే తప్పు నేను అప్పుడు కూడా చేశాను. అదేంటో చెప్పాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

నా చిన్నప్పుడు ఊళ్లో సినిమా అంటే అద్దె వీసీఆర్. పత్తి అమ్మిన డబ్బు చేతికొచ్చినప్పుడో, ఎవరింట్లో అయినా శుభకార్యం అయినప్పుడో నలుగురూ చందా వేసుకుని టౌన్ నుంచి కలర్ టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు తెచ్చేవాళ్లు. అద్దె ఒక్క రాత్రికే. పొద్దున్నే తిరిగి ఇచ్చేయాలి. అందుకని ఏం చేసేవాళ్లం? మూడు సినిమాలూ చూసేవాళ్లం! మూడో సినిమాకి సగం మంది చాప మీదే నిద్రపోయేవాళ్లనుకోండి. అయినా మధ్యలో ఎవరూ ఆపనిచ్చేవాళ్లు కాదు. కట్టిన డబ్బు అందరికీ గుర్తుండేది.

తర్వాత సీడీ షాపులు వచ్చాయి. పర్చూరు సెంటర్లో మాకు తెలిసిన షాపు ఉండేది. రోజుకి పది రూపాయలు. సాయంత్రానికి ఇవ్వకపోతే ఇంకో పది. ఒక నోట్‌బుక్, దాంట్లో మన పేరు, అంతే. సీడీ మీద గీతలుంటే లుంగీ అంచుతో తుడిచి "ఇప్పుడు ఆడుద్ది పో" అనేవాడు షాపాయన. అక్కడ కూడా అంతే, తెచ్చామంటే చూసేవాళ్లం. చూడకపోతే రేపు ఇంకో పది పోతుంది కదా.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. ఎందుకంటే నెలవారీ చందాతో ఎంతైనా చూడు అనే అలవాటు మన ఫోన్ల దాకా వచ్చింది అక్కడినుంచే.

నెట్‌ఫ్లిక్స్ మొదలైంది 1997లో, కాలిఫోర్నియాలో. రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ అని ఇద్దరు. అప్పుడు స్ట్రీమింగ్ లేదు, ఏమీ లేదు. వాళ్ల ఐడియా చాలా సింపుల్. వీడియో క్యాసెట్ బరువు, లావు. డీవీడీ పల్చగా, తేలిగ్గా ఉంటుంది, మామూలు కవర్లో పెట్టి పోస్టులో పంపొచ్చు. 1998లో వెబ్‌సైట్ తెరిచారు. 1999లో నెలవారీ చందా పెట్టారు. ఒకేసారి కొన్ని డిస్కులు మీ దగ్గర ఉంచుకోవచ్చు. ఒకటి తిరిగి పంపితే మీ లిస్టులో తర్వాతది వస్తుంది. లేట్ ఫీజు లేదు. ఎన్నాళ్లైనా ఉంచుకోండి.

ఈ లేట్ ఫీజు లేదు అన్న మాట జనానికి విపరీతంగా నచ్చింది. కానీ ఒక్కసారి ఆలోచించండి. డిస్కు నెల రోజులు టీవీ మీద పడి ఉంటే లేట్ ఫీజు పడదు, నిజమే. చందా మాత్రం కట్ అవుతూనే ఉంటుంది. అంటే లేట్ ఫీజు ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుంది. మన సీడీ షాపాయన పది రూపాయలు అడిగితే మనకి మండేది. ఇక్కడ అడిగేవాళ్లు లేరు కాబట్టి మంట కూడా లేదు.

ఆ తర్వాత పోటీ మొదలైంది. 2002లో వాల్‌మార్ట్ పోస్టులో డీవీడీలు పంపడం మొదలుపెట్టింది. 2004 ఆగస్టులో బ్లాక్‌బస్టర్ వచ్చింది. బ్లాక్‌బస్టర్ అంటే అమెరికాలో వీధివీధికీ ఉన్న వీడియో షాపుల పెద్ద చైన్. వెంటనే రేట్ల యుద్ధం. మూడు డిస్కుల ప్లాన్‌ని నెట్‌ఫ్లిక్స్ నెలకి 21.99 డాలర్ల నుంచి 17.99కి దించింది. బ్లాక్‌బస్టర్ 17.49 అంది. ఆ ఏడాది అయిపోయేలోపు 14.99కి తెచ్చింది. 2005లో వాల్‌మార్ట్ మాకొద్దు బాబోయ్ అని తప్పుకుని, తన కస్టమర్లని నెట్‌ఫ్లిక్స్ వైపు పంపింది.

మరి అప్పటి జనం ఈ రెండిట్లో ఏది తీసుకోవాలి? అందరూ ముందు రేటు చూశారు. మూడు డాలర్లు తక్కువ కదా అని. కానీ అసలు లెక్క అది కాదు. 17.99 కట్టి నెలకి పన్నెండు సినిమాలు చూసినవాడికి ఒక్కో సినిమా డాలరున్నర. 14.99 కట్టి రెండే చూసినవాడికి ఒక్కోటి ఏడున్నర డాలర్లు. ఎవరు చౌకగా చూసినట్టు? రేటు ఎక్కువ కట్టినవాడే.

మరి నెలకి ఎన్ని సినిమాలు వస్తాయన్నది దేని మీద ఆధారపడుతుంది? పోస్టు ఎంత త్వరగా తిరుగుతుందన్న దాని మీద. అందుకే నెట్‌ఫ్లిక్స్ దేశమంతా గిడ్డంగులు పెట్టుకుంటూ పోయింది, చాలామందికి మర్నాడే డిస్కు చేరేలా. బ్లాక్‌బస్టర్‌కి ఉన్న బలం షాపులు. 2006 చివర్లో వాళ్లు ఇంకో ప్లాన్ తెచ్చారు. పోస్టులో వచ్చిన డిస్కుని దగ్గర్లో షాపులో ఇచ్చేసి, అక్కడికక్కడే ఇంకో సినిమా ఫ్రీగా తీసుకెళ్లొచ్చు. పోస్టు కోసం ఎదురుచూపు లేదు. చూసేవాడికి అది చాలా మంచి ఆఫర్. కంపెనీకి మాత్రం భారీ ఖర్చు. 2010 సెప్టెంబర్‌లో బ్లాక్‌బస్టర్ దివాలా పిటిషన్ వేసింది. దానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, అప్పులు, యాజమాన్యం గొడవలు. అది ఇంకో ఎపిసోడ్.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఎన్ని సినిమాలైనా చూడండి అని చెప్పే కంపెనీకి, మీరు నిజంగా ఎక్కువ చూస్తే నష్టం. ప్రతి డిస్కుకీ రానూపోనూ పోస్టేజీ వాళ్లదే. 2004లో ఒక కస్టమర్ కోర్టుకి వెళ్లాడు, ఎక్కువ చూసేవాళ్లకి నెట్‌ఫ్లిక్స్ కావాలని ఆలస్యంగా పంపుతోందని. కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే రాజీ చేసుకుంది. కానీ తన నిబంధనల్లో మాత్రం రాసుకుంది, తక్కువ తీసుకునే వాళ్లకి ముందు పంపుతాం అని. అంటే వాళ్లకి ఇష్టమైన కస్టమర్ ఎవరు? డబ్బు కట్టి చూడనివాడు. మా నాన్న లాంటివాడు!

సరే, ఇది మన దేశానికి ఎప్పుడు వచ్చింది? 2005, 2006 ప్రాంతంలో బెంగళూరులో సెవెంటీఎంఎం అని ఒక కంపెనీ మొదలైంది. 2008లో రిలయన్స్ అనిల్ అంబానీ గ్రూపు నుంచి బిగ్‌ఫ్లిక్స్ వచ్చింది, ఆన్‌లైన్‌తో పాటు డీవీడీల అద్దె కూడా. ఇంకా చిన్నాచితకా కంపెనీలు చాలా ఉండేవి. మన దగ్గర తేడా ఏంటంటే, సెవెంటీఎంఎం పోస్టుని నమ్ముకోలేదు. సొంత కుర్రాళ్లు బండి మీద వచ్చి డిస్కు ఇచ్చి, పాతది తీసుకెళ్లేవాళ్లు. అందుకే ఇవన్నీ హైదరాబాద్, బెంగళూరు లాంటి పెద్ద సిటీల వ్యాపారం. చీరాల, పర్చూరు, చిలకలూరిపేట వీధుల్లో ఒక్క డిస్కు కోసం బండి తిప్పితే పెట్రోలుకే సరిపోదు. మనకి పది రూపాయల సీడీ షాపు ఉండనే ఉంది, పైగా లోకల్ కేబుల్‌లో రాత్రి తొమ్మిదింటికి సినిమా వేసేవాళ్లు.

నేను అప్పుడు హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఎస్సార్ నగర్లో ముగ్గురు అమ్మాయిలం ఒక ఫ్లాట్. ఒక సర్వీస్‌లో చేరాం. ఇప్పుడు చెప్పిన రెండూ కాదు, ఇంకో చిన్న కంపెనీ, పేరు అనవసరం. నెలకి మూడు వందలు, తలా వంద. ఒకేసారి రెండు డిస్కులు. వేల సినిమాలు ఉన్నాయని యాడ్. మేం అదే చూసి చేరాం.

లెక్క చెప్తాను. ఆర్డర్ పెడితే రావడానికి రెండు రోజులు. ఆఫీస్ నుంచి వచ్చి చూడటానికి రెండు రోజులు. తీసుకెళ్లడానికి ఇంకో రెండు రోజులు. ఆరు రోజులకి ఒక రౌండ్. నెలకి ఐదు రౌండ్లు, అంటే పది సినిమాలు. సినిమాకి ముప్పై. ఫర్వాలేదు. కానీ నిజంగా చూసినవి ఎన్నో తెలుసా? నాలుగు. ఒక్కోటి 75 రూపాయలు. అదే మా ఊళ్లో పది రూపాయలు.

దానికన్నా నాకు ఇప్పటికీ బాధ అనిపించేది ఇంకోటి ఉంది. మా నాయనమ్మ మూగమనసులు చూడాలని అడిగింది. 1964 సినిమా. తను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో చూసిందట. కళ్లకి శుక్లాలు ముదురుతున్నాయి, ఆపరేషన్ అంటే భయం. "కళ్లు పూర్తిగా పోకముందే ఒకసారి చూపించవే" అంది. నేను దాన్ని మా లిస్టులో మొదటి నంబర్లో పెట్టాను. వాళ్లు ఐదోది పంపారు. తర్వాత ఏడోది పంపారు. మూడు నెలలు మొదటి నంబర్ మొదటి నంబర్లోనే ఉంది. సైట్‌లో ఆ సినిమా పేరు ఉంది, బొమ్మ కూడా ఉంది. డిస్కు మాత్రం రాలేదు. నేనూ గట్టిగా అడగలేదు, వస్తుందిలే అనుకున్నాను.

చివరికి ఊరెళ్తూ గుంటూరు బస్టాండ్ దగ్గర బల్ల మీద పరిచిన సీడీల్లో కనిపించింది. అప్పటికే మోజర్ బేర్ అనే కంపెనీ వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలకే అమ్మకానికి పెట్టి మార్కెట్ మొత్తం కిందకి లాగేసింది. కొనుక్కునే రేటు అంత తగ్గాక అద్దెకి ఎవరు తెచ్చుకుంటారు? సరే, ఆ సీడీ కొని ఇంటికి తీసుకెళ్లి వేశాను. నాయనమ్మ టీవీకి బాగా దగ్గరగా కూర్చుంది. కాసేపటికి కళ్లు మూసుకుని వింటూ ఉండిపోయింది. "బొమ్మ మసగ్గా ఉందే, పాటలు మాత్రం అట్టానే ఉన్నయ్" అంది. మూడు నెలల ముందైతే కాస్త చూసేదేమో.

అంటే నేను వేల సినిమాలున్న సర్వీస్‌కి డబ్బు కట్టాను. నాకు కావాల్సిన ఒక్క సినిమా దాని దగ్గర లేదు. అది చేరే ముందు చూసుకోలేదు.

అసలు లిస్టులో ఖాళీలు ఎందుకు ఉంటాయి? దీనికి చట్టం కూడా ఒక కారణం. అమెరికాలో డిస్కు మీరు డబ్బు పెట్టి కొన్నారంటే దాన్ని అద్దెకి కూడా ఇచ్చుకోవచ్చు, సినిమా కంపెనీని అడగక్కర్లేదు. అందుకే నెట్‌ఫ్లిక్స్ మార్కెట్లో దొరికిన డిస్కు కొనుక్కుంటూ పోయి లక్ష టైటిల్స్ దాకా చేర్చింది. మన కాపీరైట్ చట్టంలో అలా కాదు. సినిమాని అద్దెకిచ్చే హక్కు కూడా హక్కుదారుడిదే. ఢిల్లీలో ఒక డీవీడీ లైబ్రరీ, అమెరికాలో అమ్మే ఒరిజినల్ డిస్కులు తెచ్చి ఇక్కడ అద్దెకిస్తుంటే వార్నర్ బ్రదర్స్ కేసు వేసింది. అవి పైరసీ కాదు, కొన్నవే. అయినా 2009లో ఢిల్లీ హైకోర్టు లైబ్రరీకి వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చింది.

స్ట్రీమింగ్‌కి వచ్చేసరికి అమెరికా, ఇండియా తేడా లేదు. ప్రతి సినిమాకీ హక్కులు కొనాల్సిందే. ఆ ఒప్పందం టైమ్ అయిపోతే సినిమా మాయం. మీరు వాచ్‌లిస్ట్‌లో పెట్టుకున్నది ఒకరోజు కనిపించకుండా పోతుంది చూశారా, అది అందుకే. 2023 సెప్టెంబర్ 29న నెట్‌ఫ్లిక్స్ తన చివరి డీవీడీలు పోస్ట్ చేసి ఆ సర్వీస్ మూసేసింది. చివరి డిస్కులు తిరిగి ఇవ్వక్కర్లేదు, ఉంచేసుకోండి అంది. అవి ఆ ఇళ్లలో ఉన్నాయి. రేపు యాప్ మూసేస్తే మన దగ్గర ఏముంటుంది? ఏమీ ఉండదు.

ఇప్పుడు మళ్లీ నాన్న ఫోన్ దగ్గరికి వద్దాం. నేను ఏం చేశానో చెప్తాను, మీరు కూడా ఈరోజే చేయండి. మూడే పనులు.

మొదటిది, పోయిన నెలలో ఆ యాప్‌లో పూర్తిగా చూసినవి ఎన్నో లెక్కపెట్టండి. చాలా యాప్‌లలో చూసినవాటి హిస్టరీ ఉంటుంది. కట్టిన డబ్బుని ఆ నంబర్‌తో భాగించండి. రేటు తక్కువ కదా అని మాత్రం చూడకండి. 2021 డిసెంబర్‌లో ఒకే వారంలో నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ 199 నుంచి 149కి తగ్గింది, అమెజాన్ ప్రైమ్ ఏడాది చందా 999 నుంచి 1,499కి పెరిగింది. ఆ వారం అందరూ ఏది చౌక, ఏది ఖరీదు అని వాదించుకున్నారు. చూడనివాడికి 149 కూడా ఖరీదే, రోజూ చూసేవాడికి 1,499 కూడా చౌకే.

రెండోది, యాప్ తీసుకునే ముందు కాగితం మీద మీకు కావాల్సిన ఐదు సినిమాలు రాయండి. ముందు రాయాలి, తర్వాత వెతకాలి. యాప్ తెరిచాక రాస్తే వాళ్లు చూపించినవే మనకి కావాల్సినవి అనిపిస్తాయి. ఐదింట్లో మూడైనా ఉంటే తీసుకోండి. పాత సినిమా అయితే యూట్యూబ్‌లో హక్కులున్న ఛానల్స్ ఫ్రీగా పెట్టినవి చాలా ఉన్నాయి, అక్కడ ముందు చూడండి.

మూడోది, బయటికొచ్చే దారి చూసుకోండి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది. దాంట్లోకి వెళ్తే ఎవరెవరికి మీరు పర్మిషన్ ఇచ్చారో మొత్తం లిస్ట్ కనిపిస్తుంది. అక్కడే ఆపేయొచ్చు. ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఆటోపేలో డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌ని మనమే పైకి తోసేస్తాం. ఇకనుంచి చదవండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో అయితే మీరే చదివి పెట్టండి, వాళ్లకి ఆ ఇంగ్లీష్ మెసేజ్ అర్థం కాదు.

ఇంకో మాట. యాప్ తీసేస్తే శాశ్వతంగా పోయినట్టు కాదు. మిర్చి కోతల టైమ్‌లో నాన్న పొద్దున్నే పొలం వెళ్తే రాత్రికి గాని రారు, అప్పుడు ఒక్క యాప్ కూడా అక్కర్లేదు. ఎండాకాలంలో ఖాళీగా ఉంటారు, అప్పుడు ఒక నెలకి కట్టి కావాల్సినవన్నీ చూసి ఆపేస్తే సరి. మన ఊళ్లో అద్దె వీసీఆర్‌కి చేసింది అదే కదండీ. తెచ్చినప్పుడు తెల్లారేదాకా చూశాం, పొద్దున్నే తిరిగిచ్చేశాం.

నాన్న ఫోన్‌లో ఇప్పుడు ఒక్కటే ఉంది. మిగతా మూడూ ఆ రోజే ఆపేశాను. ఆపుతుంటే పక్కన కూర్చుని చూశారు. "మరి ఇయ్యన్నీ ముందే ఎందుకు పెట్టావమ్మాయ్?" అన్నారు. నీ మీద ప్రేమతో నాన్నా అన్నాను. "ప్రేమైతే ఫోన్ చెయ్యి, దానికి ఎవడూ డబ్బులు కట్ చెయ్యడు" అన్నారు.

అదండీ సంగతి. వీడియో ఆపేసి మీ ఆటోపే లిస్ట్ తెరవండి, తర్వాత అమ్మానాన్నల ఫోన్ కూడా చూడండి. ఎన్ని దొరికాయో, ఎంత మిగిలిందో కింద కామెంట్‌లో రాయండి. మీ ఊరి సీడీ షాపు జ్ఞాపకాలు ఉంటే అవి కూడా రాయండి, చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ, నమస్కారం.